గడప లోపలి ఊపిరి

అక్టోబరు 20

ఇందుమూలముగా ఈ ఇంటి యావన్మంది జనులకు, కోళ్ళకు, పందులకు, పొయ్యి దగ్గరి చీమలకు తెలియజేయడమేమనగా: నేటి నుండి ఉప్పు జాడీ మూత తీసినవారు తిరిగి పెట్టవలెను. నల్లపెట్ట నా మంచం కింద గుడ్డు పెట్టరాదు. పెట్టినచో సదరు గుడ్డు ఈ ఇంటి రాణినగు నా పాలగును. మా మామగారు సోలేమాన్‌గారు పళ్ళెం ముందు కూర్చుని, తలకాయ చిన్నదిగా ఉన్నదని చేపను వదిలి కోడలిని నిందించరాదు. పై శాసనాలు సూర్యచంద్రులున్నంత కాలం, లేదా ఈ పెన్నులో సిరా ఉన్నంత కాలం అమలులో ఉండును. ఇట్లు అదోల్ఫినా, ఆరో తరగతి ఫెయిలు, కొత్త విధవ.

ఈ పుస్తకం పాస్టరమ్మ ఇచ్చింది. అట్ట మీద పిల్లి బొమ్మ. నా దుఃఖానికి పిల్లి సరిపోతుందనుకుంది కాబోలు. కాలం మారేటప్పుడు మనిషికి కళ్ళు మసకబారతాయట. అందుకని రోజూ ప్రకృతిలో ఒకటి, కుటుంబంలో ఒకటి, దేవుడి మంచితనం వెతికి రాయమంది. ఎవరికీ చూపించక్కర్లేదు, తనకి కూడా వద్దంది. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం ఎందుకు రాస్తాను? వంటకి తినేవాడున్నట్టు అబద్ధానికి వినేవాడుండాలి. కాబట్టి ఇందులో అంతా నిజమే.

ప్రకృతి: ఆ రోజు పొద్దున నా మొగుడు మెల్కి కల్లు కోసం తాటి గెలలు గీసి కట్టిన తాటాకు బుట్టలు, మెల్కి చెట్టు మీంచి పడ్డాక కూడా నిండుతూనే ఉన్నాయి. కింద ఇంట్లో శవం, పైన చెట్టు బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. దించేవాడు లేక పొంగిపోయింది. ఈగలకి పండగ. చెట్టుకి ఎవరు పోయారో తెలియదు. ఇది దేవుడి మంచితనమో మతిమరుపో నాకూ తెలియదు.

కుటుంబం: మామ ఇవాళ ఒక్క మాటా మాట్లాడలేదు. వరం.

అక్టోబరు 22

అందరూ మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఒకసారి రాసి పెడితే నా నోటికి విశ్రాంతి.

నేను పొయ్యి దగ్గర కల్లు కాచి పాకం కలుపుతున్నాను. ఎండుమట్ట పడ్డ చప్పుడు. మట్ట పడితే ఒకసారే చప్పుడవుతుంది, ఇది రెండుసార్లయింది. వెళ్ళి చూస్తే మెల్కి. మోకు పైనే ఉంది, మనిషి కింద ఉన్నాడు. పడ్డాడు, పడ్డాడు అని అరిచాను. రాళ్ళగోడకి అవతల మా మరిది ఓక్తో అన్నం తింటున్నాడు. "మళ్ళీ మొదలెట్టింది" అని పెళ్ళాంతో చెప్పి మారు అన్నం వేయించుకున్నాడట. ఈ మాట వాడి పెళ్ళామే చెప్పింది, ఏడుస్తూ. రెండేళ్ళ కిందట నేను ఇలాగే అరిస్తే వాడు మొలగుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. తలుపు వెనక మెల్కి నోట్లో చెయ్యి పెట్టుకుని నవ్వాపుకుంటున్నాడు. ఊరంతా నెల రోజులు ఆ మొలగుడ్డ గురించే. ఒక చిన్న హాస్యాన్ని రెండేళ్ళు కడుపులో పెట్టుకున్నవాడిది తప్పా, నాదా?

వచ్చింది మామ ఒక్కడే. చర్చి గంట పక్కన నిలబడ్డా వినపడని మనిషి. నా నోరు చూసి వచ్చాడు. నేను చంకల కింద పట్టుకున్నాను, మామ కాళ్ళు పట్టుకున్నాడు. నేను వెనక్కి నడుస్తూ ముందు గడప దాటాను. మెల్కి తల నా రొమ్ము మీద ఉంది. తల లోపలికి వచ్చింది, భుజాలు వచ్చాయి, అప్పుడు ఒక ఊపిరి తీశాడు. తలమీది మోపు దించినవాడు తీసే ఊపిరి. నా చెంపకి తగిలింది. అంతే.

అది గడప లోపల.

ఇంట్లో పోయినవాడు ఇంటివాడు. వాణ్ణి ముంగిట్లో అమ్మానాన్నల పక్కన పెడతాం, పొద్దున్నే పాకం నీళ్ళు పెడతాం, పేరు పెట్టి తిడతాం. చెట్టు మీంచి పడి బయటే పోయినవాడు ఎవడూ కాడు. వాణ్ణి ఊరికి దూరంగా, సముద్రం వైపు, మొగలి పొదల్లో పెట్టి తిరిగి చూడకుండా వస్తాం. వాడి పేరు మనవలకి పెట్టరు. చర్చిలో ఇలా చెప్పరు. చర్చికి వెళ్ళేవాళ్ళందరూ ఇలాగే చేస్తారు.

మెల్కి మా కిటికీ ఎదురుగా ఉన్నాడు, వాళ్ళమ్మ పక్కన. ఎందుకంటే ఊపిరి గడప లోపల తీశాడు.

అక్టోబరు 25

ప్రకృతి: లేదు. కుటుంబం: లేదు. ఖాళీ పేజీ కూడా దేవుడిదే కదా పాస్టరమ్మా.

నవంబరు 3

పొయ్యిలు ఆర్పేశాను. గీసేవాడు లేకపోతే గెలలు ఎండిపోతాయి, చెట్లకి అలక. పాకం కాచే బానలు బోర్లించి కడుగుతుంటే యుబ్లీనా వచ్చి నా ఎదురుగా గొంతుకూర్చుంది. కుపాంగు పట్నంలో బట్టల కొట్లో పని మానేసి, నాన్న అంత్యక్రియలకి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది నా కూతురు. చాలాసేపు బాన అడుగు గీకింది. తర్వాత అడిగింది.

"అమ్మా, నాన్న నిజంగా ఊపిరి తీశాడా?"

"తీశాడు."

"నవ్వకుండా చెప్పు."

"తీశాడే."

"నవ్వుతున్నావమ్మా."

బాన అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

నా మూతి దేవుడు అలా పెట్టాడు. అబద్ధం చెప్పేటప్పుడు నా మొహం రాయి. వరుస తప్పకుండా చెబుతాను, కళ్ళార్పను. బియ్యం ఓడ మునిగింది, బస్తాలు ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయని చెప్పినప్పుడు ఊరంతా బుట్టలు పట్టుకుని పరిగెత్తింది, వంశపెద్ద తోబియాస్ అందరికన్నా ముందు. నిజం చెప్పేటప్పుడే మూతి ఒక పక్కకి వంకర పోతుంది. నేనేం చెయ్యను. బజార్లో మార్చుకునేది కాదు.

ప్రకృతి: బాన అడుగున మాడిన పాకం ముక్క దొరికింది. మెల్కి దింపిన ఆఖరి కల్లులోది. చప్పరించాను. చేదుగా ఉంది. అయినా చప్పరించాను.

కుటుంబం: పై సంగతి చాలదా?

నవంబరు 12

ఓక్తో అన్న టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు. ముందు కొమ్ము లేచిన తాటాకు టోపీ, మెల్కి స్వయంగా అల్లుకున్నది. అంత్యక్రియల గొడవలో మేకు మీంచి తీసుకుపోయాడు. తమ్ముడికి హక్కేనట. గోడ దగ్గరికి వెళ్ళి, రాయి మొహం పెట్టి, "ఓక్తో, ఆ టోపీ మడతలో తేలు పిల్లలు పెట్టింది, మీ అన్న అందుకే మానేశాడు" అన్నాను. వాడు టోపీని నేలకేసి కొట్టి, కర్రతో కొట్టి, కాలితో తొక్కి, ఆఖరికి వాడి పెళ్ళాం పొయ్యిలో పెట్టింది.

పొట్ట పట్టుకుని నవ్వాను.

టోపీ మెల్కిది. ఇప్పుడు అది కూడా లేదు.

నవంబరు 17

వాన లేదు. పడమటి నుంచి మబ్బు వస్తుంది, చూస్తుంది, మొహం తిప్పుకుని పోతుంది, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలాగా. నాటిన మొక్కజొన్న భూమిలోనే వేగిపోయింది. బావిలో బొక్కెనకి బురద తగులుతోంది. ఓక్తో మేక చచ్చింది.

గోడ మీద చేతులు పెట్టి వాడు అన్నాడు. "వదినా, వానని ఎవరో ఆపుతున్నారు."

"నీ మొహం చూసి ఆగిందేమో. ముసుగేసుకుని తిరుగు."

"నవ్వులాట కాదు. ఊళ్ళో అందరూ అంటున్నారు. బయట పోయినవాణ్ణి ముంగిట్లో పెడితే ఆకాశం మూసుకుంటుంది."

"లోపలే పోయాడు."

వాడు నా మూతి వంక చూశాడు. ఆ చూపు చాలు.

వాడి మాట కూడా రాస్తాను, న్యాయానికి. వాడికి ముగ్గురు పిల్లలు, వాడి విత్తనం కూడా కాలిపోయింది. అన్న మీద ప్రేమ లేదని కాదు. పడ్డాడన్నప్పుడు రాలేదు కాబట్టి, అప్పటికే పోయాడని నమ్మితేనే వాడికి అన్నం దిగుతుంది.

ప్రకృతి: మెల్కి సమాధి సిమెంటు మీద తొండ ఎండ కాచుకుంటోంది. దానికి సంతోషం.

నవంబరు 21

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పంచాయతీ. తోబియాస్ కబురు పంపాడు. బయట పోయాడని తేలితే తవ్వి తీసి మొగలి పొదలకి తీసుకుపోతారు. లోపల పోయాడని తేలితే ఇంకెవరూ ఆ మాట ఎత్తకూడదు. సాక్షులు ఇద్దరం, నేనూ మామా. పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇది సంఘం పని కాదు వంశం పని, తాను బయటి ఊరి నుంచి వచ్చిన పిల్లనని, ప్రార్థన చేస్తానని అంది. చేసింది కూడా. మంచి గొంతు.

పంచాయతీ పెద్దల్లో ఒక ముసలాయనకి కొత్త సందేహం వచ్చిందట: తల లోపల, కాళ్ళు బయట ఉండగా ఊపిరి తీస్తే ఎక్కడ పోయినట్టు? సగం ముంగిట్లో, సగం సముద్రం దగ్గర పెడతారేమో. ఏ సగానికి పాకం నీళ్ళు పెట్టాలో కూడా వాళ్ళే చెబుతారు.

నవంబరు 23

మామ చెవిలో నోరు పెట్టి అరిచాను. రేపు అడుగుతారు, ఊపిరి విన్నానని చెప్పు అని.

"నేను వినలేదు కదా" అన్నాడు.

"వినలేదని ఎవరికి తెలుసు?"

"నాకు."

"నిజంగా తీశాడు మామా. నా చెంపకి తగిలింది. నీ చెవులు పనిచేస్తే నువ్వూ వినేవాడివి."

చేప ముల్లు పళ్ళెం అంచున పెట్టాడు. "ఎనభై ఏళ్ళొచ్చాయి. అబద్ధం చెప్పి నేను ఎక్కడికి పోను? నువ్వంటే చిన్నదానివి, చెప్పుకో."

నాకు నలభై తొమ్మిది. చిన్నదాన్నట.

నవంబరు 24, ఆదివారం

కుటుంబం: ఇవాళ దేవుడి మంచితనం నా కుటుంబంలో కనిపించింది. వివరంగా రాస్తాను.

చర్చి వెనక రేకుల పందిట్లో అందరూ కూర్చున్నారు. నేను చెప్పవలసింది చెప్పాను. తర్వాత తోబియాస్ మామ చెవిలో అడిగాడు. మామ కర్ర పట్టుకుని లేచాడు. ఆయన వెనక నుంచి వెలుగు పడుతోంది, తెల్లజుట్టు మెరుస్తోంది. నెమ్మదిగా అందరి వంకా చూశాడు. "నేను విన్నాను. నా చెవులు చచ్చినా నా కొడుకు ఊపిరి నాకు వినపడుతుంది. గడప లోపలే తీశాడు. నన్ను అయ్యా అని పిలిచాడు కూడా" అన్నాడు. ఓక్తో తల దించుకున్నాడు. వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, వదినా క్షమించు అన్నాడు. తోబియాస్, ఇంకెవరూ ఈ మాట ఎత్తకండి అన్నాడు. యుబ్లీనా నా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చి మామకి చేప తలకాయ, పెద్దది, నేనే వేశాను. ఆయన చిన్నదని అనలేదు.

మెల్కి కిటికీ ఎదురుగానే ఉన్నాడు. ఉంటాడు.

ప్రకృతి: గాలి చల్లగా ఉంది. దేవుడు మంచివాడు.

నవంబరు 25

ఒళ్ళు నొప్పులు. రాయను.

నవంబరు 28

ప్రకృతి: మొగలి పూసింది. ఆ వాసనకి పాములొస్తాయంటారు, నాకు కనపడలేదు. దారిలో ఒక్కచోటే నీడ ఉంది, ఎవరో వదిలేసిన పడవ పక్కన. అక్కడ కాసేపు కూర్చోవచ్చు.

కుటుంబం: మడమలో ముల్లు దిగింది. యుబ్లీనా సూదితో తీసింది. ఎక్కడికి వెళ్ళావని అడగలేదు. ముల్లు తీశాక కాలు వెంటనే వదల్లేదు.

డిసెంబరు 1

కిటికీ మూసేశాను. ఎండ పడుతోంది.

డిసెంబరు 3

మామ తినడం మానేశాడు. పళ్ళెం ముందు కూర్చుంటాడు, తలకాయ తిప్పి చూస్తాడు, మళ్ళీ గిన్నెలో పెట్టేస్తాడు. చిన్నదనీ అనడు, పెద్దదనీ అనడు. శాసనాన్ని ఇంత బాగా పాటించినవాణ్ణి చూడలేదు. పొద్దున్నే కర్ర తీసుకుని ఎటో పోతాడు, చీకటి పడే ముందు వస్తాడు. కాళ్ళకి ఇసుక.

నాతో మాట్లాడడు. నేనూ మాట్లాడను. నల్లపెట్ట మా ఇద్దరి మధ్య నుంచి నడిచిపోతుంది, ఇల్లు దానిదైనట్టు.

డిసెంబరు 6

వాన.

మధ్యాహ్నం మొదలై ఆగలేదు. ఊరంతా బయటే ఉంది. పిల్లలు బురదలో పొర్లుతున్నారు. తోబియాస్ చొక్కా విప్పి నిలబడ్డాడు, చూడకూడని దృశ్యం. పాస్టరమ్మ గొడుగేసుకుని ఇంటింటికీ తిరిగి, దేవుడు మంచివాడు, దేవుడు మంచివాడు అంటోంది. మా గుమ్మం దగ్గరికి కూడా వచ్చి, చూశావా అక్కా, ప్రకృతి అంది. చూశానన్నాను. గోడ మీంచి ఓక్తో కేకేశాడు. "చూశావా వదినా, నేను చెప్పలేదూ?" వాడు ఏడుస్తున్నాడు. నవ్వుతున్నాడు. వాడి పొలం బతికింది.

ముంగిట్లో నీళ్ళు నిలిచాయి. బాతులు దిగి ఈదుతున్నాయి.

డిసెంబరు 8

వాన తగ్గలేదు. మామ పొద్దున వెళ్ళినవాడు తిరిగి రాలేదు. యుబ్లీనా వెళతానంది. వద్దని నేనే వెళ్ళాను.

మొగలి పొదల్లో ఉన్నాడు. బురదలో కూర్చుని ఒక తాటిమట్ట రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. తన మీద కాదు, మట్టి మీద. మట్ట ఆకుల మధ్య నుంచి నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి. ఎంతసేపటి నుంచి పట్టుకున్నాడో.

లెమ్మని సైగ చేశాను. లేవలేదు.

"కోడలా, నేను చెప్పింది తప్పా? వాడు నిజంగా ఊపిరి తీశాడా?"

చలికి పెదవులు నల్లబడ్డాయి. ఈ మనిషి నాకు పెళ్ళైన నాటి నుంచి ఒక్క మంచి మాట అనలేదు. పెళ్ళిలోనే, నవ్వే ఆడది ఇల్లు నిలపదన్నాడు. ఇప్పుడు నేను ఒక్క మాట అంటే చాలు. తీశాడు అంటే చాలు. ఆ మట్ట అలాగే పట్టుకుని అక్కడే చచ్చేవాడు. బయట. కొడుకు పక్కన ఆయన్నీ పెట్టి, తిరిగి చూడకుండా వచ్చేవాళ్ళం. ఆ ఆలోచన నాకు బాగుంది. కాసేపు దాన్ని నోట్లో బెల్లం ముక్కలా తిప్పాను కూడా.

తర్వాత చెవిలో నోరు పెట్టి అరిచాను. "లేదు మామా. తీయలేదు. చెట్టు కిందే పోయాడు. నేనాడిన ఆట అది."

నా మూతి వంక చూశాడు. నా మొహం రాయి.

నమ్మాడు. వెంటనే నమ్మాడు. నా నోట్లోంచి వచ్చిన అబద్ధాన్ని ఈ ఊళ్ళో నమ్మనివాళ్ళు లేరు. మట్ట కింద పడేసి, "చచ్చినవాడితో కూడా ఆటలా? నువ్వసలు మనిషివేనా?" అన్నాడు. దారి పొడుగునా తిట్టాడు. నా భుజం పట్టుకునే నడిచాడు, లేకపోతే పడిపోయేవాడు. ఇంటికొచ్చి చేప తలకాయ తిన్నాడు. చిన్నదిగా ఉందన్నాడు.

కుటుంబం: మామ తిన్నాడు.

ప్రకృతి: పైకి చూస్తే మెల్కి గీసిన గెలలు నల్లగా ఎండి వేలాడుతున్నాయి. వాటి పక్కన కొత్త గెల ఒకటి మొలిచింది. వేలెడంత. ఎవరి కోసమో దానికి తెలియదు.

ఈ పుస్తకంలో ఒక పేజీ ఉంది, నవంబరు 24ది. చింపేద్దామనుకున్నాను. చింపితే వెనకవైపు ముల్లు తీసిన సంగతి కూడా పోతుంది, అందుకని ఉంచాను. ఆ పేజీలో మామ లేచి విన్నానన్నాడని రాశాను. అనలేదు. లేచాడు, అది నిజమే. "కాళ్ళు నేను పట్టుకున్నాను. చెట్టు కిందే చల్లగా ఉన్నాయి. ఊపిరి సంగతి నాకు తెలియదు, అబద్ధం చెప్పను" అన్నాడు. అంతకుముందు నేను చెబుతున్నప్పుడు నా మూతి వంకర పోయింది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, బియ్యం ఓడ అని ఒకడు అరిచాడు. యుబ్లీనా నా చెయ్యి పట్టుకోలేదు, మొహం కప్పుకుంది. సాయంత్రానికే తవ్వి తీసి మొగలి పొదలకి మోసుకుపోయారు. బాతులు ఈదింది ఆ గోతిలోనే.

ఆ రోజు కుటుంబంలో రాయడానికి ఏమీ దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. అందుకని కల్పించాను. అబద్ధానికి వినేవాడుండాలని మొదటి పేజీలో రాసింది నేనే. వినేదాన్నీ నేనే.

ఊపిరి మాత్రం తీశాడు.